ఏడు మధ్యంతర జవాబులు

ఫిబ్రవరి 4

ఈ డైరీ జనవరి ఒకటిన ప్రారంభం కావలసినది. మొదట కొన్న పుస్తకంలో గీతల మధ్య ఎడం చాలనందున తిరస్కరించడమైనది. రెండో పుస్తకంలో ఆదివారానికి అర పేజీ మాత్రమే కేటాయించారు. ఆదివారాలు నేనేమీ చెయ్యనని తయారీదారు ఎలా నిర్ధారించాడో తెలియదు. (నిజమే, చెయ్యను. అది వేరే సంగతి.) ఇది మూడోది. ఇందులో లోపం ఇంకా కనిపించలేదు. వెతుకుతున్నాను.

రికార్డు నిమిత్తం: నాకు యాభై రెండేళ్లు. ఒక పెద్ద కార్యాలయంలో, బయటకు వెళ్లే ఉత్తరాలను సరిచూసే విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఆ విభాగం ఇక అక్కర్లేదని యాజమాన్యం తేల్చిన రోజున గౌరవంగా తప్పుకున్నాను. నా ఆకుపచ్చ టిక్కు పడకుండా ఆ భవనంలోంచి కాగితం ముక్క కదిలేది కాదు. ఒక సంతాప లేఖ నా బల్ల మీద ఎనిమిది నెలలు ఉన్నమాట నిజమే. అది చేరేసరికి, అందుకోవలసిన పెద్దమనిషి మళ్లీ పెళ్లి చేసుకున్నమాటా నిజమే. కానీ ఆ లేఖలో ఒక్క దోషం లేదు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దుకాణంలో ముప్ఫై ఏళ్లు మిషను తొక్కింది. మూడేళ్ల కిందట బావకు పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. ఎవరో చొక్కా తొడుగుతుంటే పసివాడిలా నిలబడటం ఆయన వల్ల కాలేదు. అందుకని అక్క ఒక చొక్కా కుట్టింది. దాని ఎడమ చెయ్యి, చంక నుంచి మణికట్టు దాకా పొడవునా తెరుచుకుంటుంది. పడిపోయిన చేతిని అందులో పడుకోబెట్టి, మంచి చేత్తో వెల్క్రో పట్టీలు నొక్కేస్తే చాలు. ముందువైపు గుండీలు చూపుకే, లోపలంతా పట్టీలే. చూసేవాళ్లకు మామూలు చొక్కా. మొదటి రోజు బావ నాలుగు నిమిషాల్లో తనంతట తాను తొడుక్కుని, వీధి చివరిదాకా వెళ్లి, ఏ పనీ లేకుండానే తిరిగి వచ్చాడు.

ఈ చొక్కాలను ఇంటర్నెట్‌లో అమ్మాలన్నది నా ప్రతిపాదన. దుకాణం తెరిచే బాధ్యత నేను స్వీకరించాను. మార్చి ఒకటిన ప్రారంభమని మాట ఇచ్చాను. ఆ మాట మీద అక్క జనవరి ఆఖరున పని మానేసింది. షావుకారు మంచివాడే. బడులు తెరిచేదాకా ఆమె మిషను మీద ఎవరినీ కూర్చోబెట్టననీ, జూన్ ఒకటి దాటితే మాత్రం తన చేతుల్లో ఉండదనీ చెప్పాడట. ఈ సంగతి చెబుతూ అక్క నవ్వింది. జూన్ దాకా ఎందుకక్కా అని నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 11

దుకాణానికి పేరు పెట్టే కార్యక్రమం మొదలైనది. ముప్ఫై ఒక్క పేర్లు పరిశీలనలో ఉన్నవి. ‘స్వహస్తం’ గంభీరంగానే ఉంది, కానీ దస్తావేజులు రాయించుకునేవాళ్లు వస్తారేమోనని అనుమానం. ‘చేయూత’ అంటే విరాళం అడగడానికి వచ్చామనుకుని తలుపేస్తారు. అక్కను సంప్రదించాను. ఆమె అభిప్రాయం యథాతథంగా: “చొక్కా పేరు చొక్కాయే కదరా.”

అభిప్రాయం నమోదు చేసుకున్నాను.

ఫిబ్రవరి 12

పేర్ల సంఖ్య నలభై నాలుగు.

ఫిబ్రవరి 23

ఫోటోల కార్యక్రమం, మూడో రోజు. నీలం చొక్కా నా ఫోనులో ఆకాశంలా, మా ఆవిడ ఫోనులో సిరాలా, కంప్యూటరులో ఒక రకమైన వంకాయలా కనిపిస్తోంది. కొనేవాడు ఏ తెర మీద చూస్తాడో మనకు తెలియదు. తెలియని విషయం మీద సరుకు అమ్మడం నైతికంగా సమంజసం కాదు.

బావ రెండు వందల పన్నెండో ఫోటో దగ్గర కూర్చుండిపోయాడు. “ఏమయ్యా ఆఫీసరూ, నా పెళ్లికి కూడా ఇన్ని తియ్యలేదు,” అన్నాడు. “అందులో ఒక్కదాంట్లోనైనా మీ అక్క నవ్వింది.”

అక్క అప్పుడు ఇంట్లోని తన మిషను మీద ఉంది. తల ఎత్తలేదు. ఈ నెలలో పదహారు చొక్కాలు కుట్టింది. బీరువాలో ఆమె చీరలు తీసి మంచం కింద పెట్టెలో సర్దుకుని, ఆ అరలు చొక్కాలకు ఇచ్చింది.

మార్చి 1

అనివార్య కారణాల వల్ల ప్రారంభం పదిహేను రోజులు వాయిదా వేయడమైనది. అనివార్య కారణం: నీలం.

మార్చి 9

మొదటి విచారణ వచ్చింది. బావకు చేతి వ్యాయామం చేయించే అమ్మాయి ఆ చొక్కా చూసి ముచ్చటపడి, తను చూసే మిగతా రోగుల ఇళ్లలో నా నంబరు ఇచ్చిందట. ఒకావిడ తన అన్నయ్య కోసం ఒక చొక్కా కావాలని సందేశం పెట్టింది.

చాలా సంతోషించాను. జవాబు ఇవ్వడానికి పూనుకున్నాను. కానీ ఏమని ఇవ్వాలి? దుకాణానికి పేరు లేదు. కొలతల పట్టిక తుదిరూపం దాల్చలేదు. సరిపోకపోతే వెనక్కి తీసుకునే నిబంధనలు ఆరో చిత్తుప్రతిలో ఉన్నవి.

మా కార్యాలయంలో ఒక పద్ధతి ఉండేది. వచ్చిన ఉత్తరానికి వెంటనే బదులివ్వలేని పక్షంలో, ‘మీ ఉత్తరం అందినది, విషయం పరిశీలనలో ఉన్నది, నిర్ణయం యథాసమయంలో తెలియజేయబడును’ అని మధ్యంతర జవాబు ఒకటి పంపేవాళ్లం. అది వెళ్లగానే ఆ ఉత్తరం పెండింగు జాబితాలోంచి తొలగిపోయేది. నెలాఖరుకు మా జాబితా ఎప్పుడూ ఖాళీ. రాసినవాళ్లు ఏమయ్యేవాళ్లో మా విభాగానికి సంబంధించిన విషయం కాదు.

ఆవిడకు మధ్యంతర జవాబు పంపాను. రెండు గంటలు పట్టింది. చక్కగా వచ్చింది. పంపాక, నిజంగానే ఏదో పని పూర్తయినట్టు ఒళ్లు తేలికపడింది.

మార్చి 19

మూడో విచారణ. దీన్ని కొంచెం వివరంగా నమోదు చేస్తున్నాను.

రాసినది ఒక డ్రిల్లు మాస్టారి కూతురు. ఆయన ముప్ఫై నాలుగేళ్లు ఒకే బడిలో పిల్లలకు కవాతు నేర్పారు. ఆర్నెల్ల కిందట కుడిచెయ్యి పడిపోయింది. ఏప్రిల్ ముప్ఫైన సాయంత్రం అయిదింటికి బడిలో వీడ్కోలు సభ. తన చొక్కా తనే వేసుకోగలిగితేనే వెళతానని, ఇంకొకరు గుండీలు పెడితే మాత్రం గడప దాటనని ఆయన పట్టు. ‘ముప్ఫై నాలుగేళ్లు పిల్లల గుండీలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసిన మనిషండి. మా నాన్న సంగతి మీకు తెలియదు,’ అని రాసింది. కొలతలు కూడా పంపింది.

నేను పత్రంలో వివరాలు నింపాను. మెడ, ఛాతీ, పొడవు, భుజం. బాధిత హస్తం: కుడి. పత్రం నేనే రూపొందించినది, పధ్నాలుగు గడులు. ఒక్క గడీ ఖాళీ లేదు.

బీరువాలో ఆయన కొలతకు సరిగ్గా సరిపోయే తెల్ల చొక్కా ఉంది. ఈ సంగతి ఆమెకు తెలియజేయలేదు. మళ్లీ వాయిదా పడిన ప్రారంభానికి ముందే ఒకరికి ఇస్తే తక్కిన ఇద్దరికీ అన్యాయం చేసినట్టు అవుతుంది.

మధ్యంతర జవాబు పంపాను.

మార్చి 20

విచారణల సంగతి అక్కకు చెప్పలేదు. చెబితే వెంటనే పంపేయమంటుంది. అక్కకు పద్ధతి తెలియదు. అంతకు మించి ఏమీ లేదు.

ఏప్రిల్ 2

నలభై ఎనిమిది చొక్కాలు పూర్తయ్యాయి. రెండో విడత తనిఖీ చేశాను. అంగుళానికి పన్నెండు కుట్లు ఉండాలని నా నిబంధన. తొమ్మిది చొక్కాల్లో పదకొండే ఉన్నవి. భూతద్దం పెట్టి చూస్తుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

“ఏం దొరికింది?”

కుట్టు ఒకటి తగ్గిందని చెప్పాను.

“ఒరేయ్, నేను ముప్ఫై ఏళ్లు కుట్టిన చొక్కాలేసుకుని పిల్లలు గోడలు దూకారు, కుస్తీలు పట్టారు. కుట్టు ఊడిందని ఒక్కడూ రాలేదు. నువ్వేమో దానికి జ్వరం వచ్చిందో లేదో చూస్తున్నావు.” తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “ఎవరైనా అడిగారా? నిజం చెప్పు. ఒక్కరైనా?”

తెరవని దుకాణాన్ని ఎవరడుగుతారక్కా అన్నాను. ఇది అబద్ధం కాదు. ప్రశ్న. నేను ప్రశ్న మాత్రమే వేశాను.

అక్క తొమ్మిది చొక్కాలూ తీసుకుని వెళ్లి, కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ 14

మాస్టారి కూతురు మళ్లీ రాసింది. ‘దుకాణం తెరవకపోయినా ఫరవాలేదండి, కుట్టినది ఏదైనా ఒక్కటి పంపండి. రంగు ఏదైనా సరే. ఇంకా పదహారు రోజులే ఉంది.’

ఈసారి నేను కదిలిన మాట వాస్తవం. ఇది తప్పకుండా నమోదు కావాలి. తనిఖీ కోసం మా ఇంటికి తెచ్చుకున్న తెల్ల చొక్కా బయటకు తీశాను. మడిచాను. కవరులో పెట్టాను. చిరునామా రాశాను. చెప్పులు కూడా వేసుకున్నాను.

గుమ్మంలో నిలబడి కవరును మరోసారి చూశాను. దుకాణం పేరు లేని ఖాకీ కవరు. ఒక మూల నలిగింది. మా నుంచి ఈ లోకంలోకి వెళ్లే మొదటి వస్తువు అది. సభకు వెళ్లే మనిషికి అలాంటి కవరులోనా పంపడం?

చెప్పులు విడిచాను. మా ఆవిడ హాల్లోంచి, ఇంత త్వరగా వచ్చారేమిటని అడిగింది. వెళ్లలేదని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆవిడ అడగకపోవడం ఈ మధ్య ఎక్కువైంది.

మాస్టారి కూతురికి రెండో మధ్యంతర జవాబు పంపాను. మొదటిదానికంటే బాగా వచ్చింది.

ఏప్రిల్ 15

కవరు బాగోలేదు.

ఏప్రిల్ 16

ఎవరైనా చూసి ఉంటే వాళ్లూ అదే అనేవారు. కవరు బాగోలేదు.

ఏప్రిల్ 24

కవర్లు అచ్చువేసే ఆయన, పేరు లేకుండా ఏమి అచ్చు వెయ్యమంటారని అడిగాడు. సహేతుకమైన ప్రశ్న. పరిశీలనలో ఉన్నది.

ఏప్రిల్ 30

ఈ రోజు పుస్తకాల అర దుమ్ము దులిపాను. ఫ్యాను రెక్కలు తుడిచాను. సాయంత్రం అయిదింటికి ఏమీ చెయ్యలేదు. ఆరింటికి కూడా.

మే 3

మాస్టారి కూతురి సందేశం. మొత్తం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. తనిఖీ నిమిత్తం కాదు.

‘ఇక అవసరం లేదండి. నాన్న సభకు వెళ్లలేదు. ఉదయం గంటసేపు పాత చొక్కాతో తంటాలు పడి, దాన్ని మడిచి మంచం మీద పెట్టేశారు. బడివాళ్లు వేదిక మీద ఆయన కుర్చీ ఖాళీగా ఉంచారట. పిల్లలు వరుసలు కట్టి, ఆయన నేర్పిన కవాతు చేసి, ఆ కుర్చీకి వందనం చేశారట. వీడియో పంపారు. నాన్న ఇంకా చూడలేదు. మీ జవాబులకు కృతజ్ఞతలు.’

మే 4

నా జవాబులు రెండూ సకాలంలో అందినవి.

మే 5

నేను ఎక్కడా ఇస్తానని మాట ఇవ్వలేదు. రెండు జవాబులూ మళ్లీ చదివాను. ఇస్తానని గానీ ఇవ్వనని గానీ ఎక్కడా లేదు. అంత జాగ్రత్తగా రాశాను.

మే 6

అంత జాగ్రత్తగా రాశాను.

మే 9

బావకు నా ముఖంలో ఏదో కనిపించినట్టుంది. ఒంట్లో బాగోలేదా అన్నాడు. బాగానే ఉందన్నాను. ఆయన తన చొక్కా తనే వేసుకుని నాకు టీ తెచ్చి ఇచ్చాడు, కప్పు ఒక చేత్తో, సాసరు లేకుండా. తాగలేకపోయాను. టీలో లోపమేమీ లేదు.

మే 11

ఈ రోజు అక్కకు చెప్పాను.

చెప్పాలని వెళ్లలేదు. కొలతల పట్టిక ఆమోదం కోసం వెళ్లాను. ఇంట్లో అక్క లేదు. యూనిఫాంల దుకాణానికి వెళ్లిందని బావ చెప్పాడు. ఎందుకని అడిగాను. “ఎందుకేమిటి, మిషను ఇంకా ఖాళీగా ఉందో లేదో కనుక్కోవడానికి. మనవి ఎవరికీ అక్కర్లేదని తేలిపోయింది కదా,” అన్నాడు.

అలా ఎవరు తేల్చారని అడిగాను. 

“నువ్వే కదయ్యా.”

అక్క వచ్చేదాకా కూర్చున్నాను. ఆమె లోపలికి వచ్చి సంచీ కొక్కేనికి తగిలించి, షావుకారు ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాడని బావతో చెప్పింది. నన్ను చూసి, నువ్వేం బాధపడకురా, ప్రయత్నం చేశావు కదా అంది. ఆ మాట అనకుండా ఉండి ఉంటే నేను పట్టిక చూపించి ఇంటికి వచ్చేసేవాణ్ని.

ఫోను తీసి ఆమె చేతికి ఇచ్చాను. మొత్తం ఏడు విచారణలు. వాటికి నా ఏడు మధ్యంతర జవాబులు, మాస్టారి కూతురికి అదనంగా ఇంకొకటి. అక్క కళ్లజోడు పెట్టుకుని, మంచం మీద కూర్చుని, ఒక్కొక్కటే పైనుంచి కిందికి చదివింది. మాస్టారి కూతురు రాసిన మూడూ రెండేసి సార్లు చదివింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే ఎలా బదులివ్వాలో ఆమె చదువుతుండగానే మనసులో ఒక చిత్తుప్రతి తయారైంది.

“నేను కుట్టింది ఎవరికీ పనికిరాదనుకున్నానురా,” అంది అక్క. “రెండు నెలల నుంచీ అదే అనుకుంటున్నాను. కూర్చుని కుట్లు విప్పుతూ అదే అనుకున్నాను.”

చిత్తుప్రతిలో దీనికి జవాబు లేదు.

బావ కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. అక్క ఫోను నా ఒళ్లో పెట్టింది. “తెరువు.”

ఇప్పుడేనా అన్నాను. పేరు ఇంకా—

“ఒంటిచేతి చొక్కాలు. రాయి.”

ఆ పేరు నా జాబితాలో లేదు. జాబితా అరవై రెండుకు చేరింది, అందులో లేదు. రాశాను. ఫోటో ఏది పెట్టాలని అడగబోతే బావ లేచి, గోడ పక్కన నిలబడి, తీయమని తల ఊపాడు. ఒక్కటే తీశాను. ఎండ కొంచెం పడింది. ఏ నీలమో తెలియని నీలం వచ్చింది. మొత్తం ఇరవై నిమిషాల్లో దుకాణం తెరుచుకుంది.

ఇరవై నిమిషాలు. దీన్ని నమోదు చెయ్యడానికి చెయ్యి రావడం లేదు, అయినా నమోదు చేశాను.

మే 12

ఏడుగురికీ ఫోన్లు చేశాను. ఇద్దరు అవసరం లేదన్నారు. నలుగురు పంపమన్నారు. మాస్టారి కూతురు ఫోను ఎత్తలేదు.

“ఆయనకూ పంపు,” అంది అక్క. “అడిగినప్పుడు ఇవ్వలేదు. ఇప్పుడు అడక్కపోయినా ఇవ్వాలి.” నేను తెచ్చిన తెల్ల చొక్కా తనే మడిచి, ఆ నలిగిన ఖాకీ కవరులోనే పెట్టింది. చిరునామా దాని మీద ముందే ఉంది కదా, నా దస్తూరీలో. లోపల ఒక చీటీ వేసింది. ఏం రాశావని అడిగాను. నీకు చూపిస్తే దిద్దుతావు అంది.

తపాలా కౌంటరులో ఆవిడ కవరు తూకం వేసి, ముద్ర కొట్టి, వెనకాల సంచీలోకి విసిరేసింది. కనీసం చూడను కూడా చూడలేదు.

మే 19

మాస్టారి కూతురి సందేశం వచ్చింది. దుకాణానికి తగిలిన మొదటి దెబ్బ ఇది.

‘చొక్కా అందింది. చీటీ చదివి నాన్న ఏమీ అనలేదు గానీ, చొక్కా వేసుకోబోయారు. చాలాసేపు ప్రయత్నించారు. మీ చొక్కాకి తెరుచుకునేది ఎడమ చెయ్యండి. నాన్నకు పడిపోయింది కుడిచెయ్యి.’

నేను చదివి అక్కకు వినిపించాను. అక్క మిషను ఆపింది. ఇద్దరం బావవైపు చూశాం. బావ తన ఎడమచేతివైపు చూసుకున్నాడు.

నలభై ఎనిమిది చొక్కాలు. నలభై ఎనిమిదింటికీ తెరుచుకునేది ఎడమ చెయ్యే. అక్క బావను చూసి కుట్టింది. నేను అక్క కుట్టింది చూశాను. రెండు విడతలు భూతద్దంతో చూశాను. కుట్లు లెక్కపెట్టాను. మడతల కొసలు స్కేలు పెట్టి కొలిచాను. లోకంలో కుడిచేతులు కూడా పడిపోతాయన్న సంగతి ఏ గడిలోనూ పట్టలేదు. కాదు, పట్టింది. నా పత్రాలు తీసి చూశాను. ఏడింటిలో మూడింట నా దస్తూరీలోనే స్పష్టంగా ఉంది: బాధిత హస్తం, కుడి. పక్కన ఆకుపచ్చ టిక్కు.

అక్కకు ముందు నవ్వు వచ్చింది. “మూడు నెలలు సరిచూశావు కదరా,” అంటూ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బావా నవ్వాడు. నేనూ నవ్వబోయాను. అప్పుడు అక్క నవ్వు ఆగిపోయింది.

“మార్చిలో ఆయనకు పంపి ఉంటే మార్చిలోనే తెలిసేది. వారం రోజుల్లో ఇంకోటి కుట్టి ఇచ్చేదాన్ని. ఆయన సభకు వెళ్లేవాడు.”

మెల్లగానే అంది. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మే 20

చిన్న ప్రకటన ఒకటి దుకాణంలో పెట్టాను. ‘మా చొక్కాలు ప్రస్తుతం ఎడమచెయ్యి పనిచెయ్యనివారికి మాత్రమే పనికివస్తాయి. కుడిచేతివి కుడుతున్నాం. ఇది మాకు ముందే తట్టకపోవడం మా తప్పు.’ చిత్తుప్రతి లేదు. చదవకుండా పెట్టేశాను. పెట్టాక పదకొండుసార్లు చదివాను. మార్చలేదు.

మే 27

నాలుగు కుడిచేతి చొక్కాలు అయ్యాయి. అక్క పగలంతా కుడుతోంది. మూడు కుడిచెయ్యివాళ్ల కోసం, మాస్టారిది తెలుపే. నాలుగోది నమూనా, నా కొలతకు కుట్టింది, ఫోటోకి నువ్వే నిలబడాలి అంది. బావ ఇక నిలబడనన్నాడు. పంపాల్సిన మూడూ ఈ రోజే పంపాం.

జూన్ 1

షావుకారు అక్కకు ఫోను చేశాడు. బడులు తెరుస్తున్నారు, మిషను దగ్గర కూర్చునే మనిషి ఈ రోజే కావాలన్నాడు. ఇంకొకావిడ వచ్చి గుమ్మంలో నిలబడి ఉందట.

నేను అక్కడే ఉన్నాను. దుకాణం తెరిచి మూడు వారాలు. కొత్తగా వచ్చిన ఆర్డర్లు రెండు. వెళ్లమని నేను చెప్పాలి. చెప్పడానికి నాకు అర్హత ఉందా అన్నది పరిశీలించవలసిన విషయం. నేను పరిశీలిస్తుండగానే అక్క చెప్పేసింది.

“ఆవిణ్ని కూర్చోబెట్టండి బాబూ. నాకు కుడిచేతులు కుట్టే పని ఉంది.”

ఫోను పెట్టేశాక చాలాసేపు దారం ఎక్కించలేకపోయింది. వదులుకున్నది ముప్ఫై ఏళ్లు తొక్కిన మిషను. నేను ఎక్కించి ఇస్తానన్నాను. నువ్వు దారాన్ని తనిఖీ చేస్తావు, వద్దు అంది.

జూన్ 6

ఈ సాయంత్రం ఫోను మోగింది. మాస్టారి కూతురి నంబరు. ఎత్తితే మగ గొంతు. మాట కొంచెం ముద్దగా ఉంది గానీ, ప్రతి మాటకీ మధ్య కొలిచి పెట్టినంత ఎడం ఉంది.

“ఆ ఉత్తరాలు రాసింది మీరేనా?”

నేనేనండి అన్నాను.

“బాగా రాస్తారు.”

కుర్చీలో కూర్చున్నవాణ్ని లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు.

కొత్త చొక్కా అందిందన్నారు. తెరుచుకునే చెయ్యి సరైన చెయ్యేనన్నారు. “కానీ పట్టీ మోచేయి వెనక నుంచి పోతోంది. నా ఎడమచెయ్యి అక్కడికి అందటం లేదు. మీరు చూశారా?”

ప్రతి చొక్కా తనిఖీ చేస్తామండి అన్నాను. మూడుసార్లు అని కూడా అన్నట్టు గుర్తు.

“వేసుకుని చూశారా అని.”

“లేదండి.”

“దగ్గర ఒకటుందా?”

ఉంది. నమూనా చొక్కా కుర్చీ వీపుకే వేలాడుతోంది.

“అయితే వేసుకోండి. కుడిచెయ్యి వదిలెయ్యండి, అది మీది కాదు. ఫోను బల్ల మీద పెట్టండి. నేను ఆగుతాను.”

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. నేను నా చొక్కా విప్పి, నమూనా తీసుకుని, కుడిచేతిని పక్కన వేలాడేశాను. చొక్కాకు తెరిచి ఉన్న చేతిలో దాన్ని పడుకోబెట్టాలి. నా చెయ్యే అయినా చాలా బరువుంది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి భుజం మీదికి లాగబోతుంటే కుడిచెయ్యి దానంతట అదే లేచి అంచు పట్టుకుంది. ఆయన చూడటం లేదు. 

“చెయ్యి కదిలిందండి,” అన్నాను.

“మళ్లీ మొదట్నించి.” కోపంగా అనలేదు. ముప్ఫై నాలుగేళ్లలో ఆ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటారో.

మొదట్నించి వేసుకున్నాను. ముందరి పట్టీలు పడ్డాయి. ఒకటి వంకరగా పడింది. చొక్కా చేతి పట్టీ మిగిలింది. మణికట్టు దగ్గర నొక్కాను. పైకి వస్తూ మోచేయి దాకా వచ్చాను. అక్కడ పట్టీ వెనక్కి తిరిగిపోయింది. ఎడమచేత్తో తడిమాను. వేళ్ల కొసలకు బట్ట తగులుతోంది గానీ పట్టీ దొరకడం లేదు. చెమట పట్టింది. ఏప్రిల్ ముప్ఫై ఉదయం గంటసేపు ఆయన పడిన తంటాలు నాకు ఆ మోచేయి వెనకాల తెలిశాయి.

“మాస్టారూ,” అన్నాను, “ఏప్రిల్ ముప్ఫైన...”

“ముందు చొక్కా.”

మళ్లీ తడిమాను. నేను వంగినకొద్దీ అది పక్కకు పోతోంది. మా ఆవిడ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. వద్దని నేను తల ఊపకముందే ఆగింది.

“అందటం లేదండి,” అన్నాను.

“తెలుసు,” అన్నారు ఆయన. “ఇంకోసారి చూడండి. తొందరేం లేదు. నాకు వెళ్లవలసిన చోటేమీ లేదు.”

చొక్కా విప్పాను. చెయ్యి వదిలేశాను. మళ్లీ మొదట్నించి వేసుకోవడం ప్రారంభించాను.